మెడలో మెలిక, మూలం రక్తపోటు

అరవై దాటిన వాళ్లకు మెడ డాప్లర్ స్కాన్ తీస్తే రిపోర్టులో తరచుగా ఎదురయ్యే మాట ‘టార్చువస్’. మెదడుకు రక్తం తీసుకుపోయే కెరోటిడ్ ధమని తిన్నగా లేదు, వంకర్లు తిరిగి ఉంది అని దాని భావం. చాలా రిపోర్టుల్లో ఆ కింది వరుసలోనే ‘రక్త ప్రవాహానికి చెప్పుకోదగ్గ అడ్డంకి లేదు’ అని కూడా ఉంటుంది. ఇంటిల్లిపాది చూపూ మొదటి మాట దగ్గరే ఆగిపోతుంది. ఆ రాత్రి ఇంట్లో నిద్ర కరువు. మర్నాడు తెలిసిన డాక్టరుకు వాట్సాప్‌లో రిపోర్టు ఫొటో, ఆ మర్నాడు ఇంకో స్కాన్, ఆపైన ‘ఆపరేషన్ పడుతుందేమో’ అన్న గుసగుస. ఇంత హడావుడిలో ఒక చిన్న సంగతి అడిగేవాళ్లు కనబడరు. ఈయన బీపీ ఎంత? ఎన్నేళ్లుగా అంత ఉంది?

మెడ ధమనిలో మెలిక చాలామంది విషయంలో ప్రాణం తీసే జబ్బు కాదు. అలాగని ఊరికే వచ్చిందీ కాదు. పట్టించుకోకుండా వదిలేసిన రక్తపోటు ఏళ్ల తరబడి నాళాల గోడల మీద చేసిన పని అందులో ఎంతో కొంత ఉంటుంది. మెలికను చూసి హడలిపోతూ, దానికి కారణమైన దాన్ని గాలికి వదిలేయడం ప్రమాదం. ఈ సంపాదకీయం హెచ్చరించదలచింది ఆ ప్రమాదం గురించే.

హైదరాబాదు తార్నాక చౌరస్తాలో నిలబడి చూస్తే ఈ నిర్లక్ష్యం మరీ విడ్డూరంగా తోస్తుంది. ఒక పక్క 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం. దాని సరిహద్దునే జాతీయ పోషకాహార సంస్థ. అదీ 1918లోనే పుట్టింది. కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక్క గదిలో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి జబ్బు మీద ప్రారంభించిన పరిశోధన అది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. దేశంలో మనిషి ఏం తినాలి, ఎంత తినాలి, ఉప్పు ఎక్కడ ఆపాలి అన్న లెక్కలు ఆ ప్రహరీ లోపలి నుంచే వెలువడతాయి. కూతవేటు దూరంలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, హబ్సిగూడ దాటితే కణజీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ. ఆర్టీసీ కార్మికుల ఆసుపత్రి తార్నాకలోనే ఉంది. లాలాగూడలో రైల్వే ఆసుపత్రి. ఇంత శాస్త్రమూ ఇంత వైద్యమూ నాలుగడుగుల్లో ఉన్న చోట కూడా సగటు మనిషి తన రక్తపోటు అంకె చెప్పలేడంటే లోపం శాస్త్రంలో లేదు.

ముందు ఈ మెలిక ఎలా పడుతుందో చూద్దాం. మెదడుకు రక్తం నాలుగు దారుల్లో వెళ్తుంది. మెడకు ముందు వైపు చెరో పక్క కెరోటిడ్ ధమనులు రెండు. వెనక, మెడ ఎముకల పక్క రంధ్రాల గుండా పైకి పాకే వెర్టెబ్రల్ ధమనులు రెండు. గుండె రోజుకు దాదాపు లక్ష సార్లు కొట్టుకుంటుంది. కొట్టినప్పుడల్లా ఈ నాళాలు కాస్త సాగి మళ్లీ యథాస్థితికి రావాలి. అలా రాగలగడం గోడలోని ఎలాస్టిన్ అనే సాగే పదార్థం చలవ. ఈ ఎలాస్టిన్ పొరలు చాలామటుకు తల్లి కడుపులోనూ పసితనంలోనూ ఏర్పడిపోతాయి. ఆ తరవాత శరీరం దాన్ని కొత్తగా తయారు చేసుకునేది బహు తక్కువ. పుట్టుకతో తెచ్చుకున్న పెట్టుబడిని ఎనభై ఏళ్లు పొదుపుగా వాడుకోవాలన్నమాట.

రక్తపోటు పెరిగితే ఆ పొరలు వేగంగా చిట్లిపోతాయి. వాటి చోట సాగని కొల్లాజెన్ పేరుకుంటుంది. ధమని పట్టు సడలి, పొడవు పెరుగుతుంది. దాని కింది కొస ఛాతీలో, పై కొస పుర్రె అడుగున బిగిసి ఉన్నాయి. నడుమ పెరిగిన పొడవు ఎక్కడికి పోతుంది? రెండు కొసలూ బిగించిన తోట నీళ్ల పైపులోకి పంపు గట్టిగా వదిలితే మధ్యలో పక్కకు వంగుతుంది చూశారా, ఇదీ అంతే. దీనికి వయసు తోడవుతుంది. వెన్నుపూసల మధ్య డిస్కులు అరిగి మెడ కొంచెం కురచవుతుంది. గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని వంపు సాగి పైకి జరుగుతుంది. రెండూ కలిసి మెడలోని నాళానికి ఉన్న చోటు కూడా తగ్గిస్తాయి.

ఇది నిన్న మొన్న కనిపెట్టిన విషయమేమీ కాదు. తీవ్ర రక్తపోటు ఉన్నవాళ్లలో మెడ కుడిపక్క అడుగున దడదడ కొట్టుకునే ఉబ్బు గురించి అమెరికా వైద్యులు బ్రౌన్, రౌంట్రీ 1925లోనే రాశారు. ఇవాళ్టికీ బీపీ ఉన్న పెద్ద వయసు ఆడవాళ్లలో కాలరెముక మీద అలాంటి ఉబ్బు కనబడితే ‘గడ్డ’ అనో, నాళం బుడగలా ఉబ్బిందనో కంగారుపడి పరుగెత్తుకొస్తారు. చాలాసార్లు అది వంగిన ధమనే. 1965లో వైబెల్, ఫీల్డ్స్ అనే వైద్యులు ఈ వంపులను మూడు రకాలుగా విడదీశారు. మెత్తగా వంకర్లు పోయినవి ఒక రకం, పూర్తి చుట్ట తిరిగినవి ఒక రకం, మోచేయి మడిచినట్టు కోణంగా విరిగినవి ఇంకో రకం. మూడోదాన్ని ‘కింక్’ అంటారు. చుట్ట తిరిగిన నాళాల్లో చాలావాటికి పిండదశలోనే బీజం పడుతుంది. గర్భంలో గుండె మెడ దగ్గర నుంచి ఛాతీలోకి దిగుతున్నప్పుడు తిన్నబడాల్సిన ధమని ఎక్కడో చుట్టగానే మిగిలిపోతుంది. అందువల్ల ఏ జబ్బూ లేని పిల్లల్లో కూడా ఇది కనబడవచ్చు. జన్యులోపం వల్ల ఒంట్లోని ధమనులన్నీ మెలికలు తిరిగే అరుదైన వ్యాధి ఒకటుంది. దాని వెనక ఎస్‌ఎల్‌సీ2ఏ10 అనే జన్యువు ఉందని 2006లో తేలింది. అలాంటి వ్యాధి తగలడం బహు అరుదు. మన వీధిలో కనబడేది వయసు, రక్తపోటు, స్థూలకాయం కలిసి తెచ్చే మెలిక. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ. మెడకు స్కాన్లు తీసి చూసిన అధ్యయనాల్లో పెద్దవాళ్లలో నూటికి పది మంది నుంచి నలభై మంది దాకా ఏదో ఒక స్థాయి వంపు బయటపడింది. అంత మామూలు విషయం.

అయితే ఈ మెలికను అన్ని జబ్బుల, అలవాట్ల నెత్తినా రుద్దడం కుదరదు. రక్తపోటుతోనూ వయసుతోనూ దీనికున్న సంబంధం మళ్లీ మళ్లీ రుజువైంది. షుగర్, పొగతాగడం విషయంలో మాత్రం అధ్యయనాలు ఒక్క మాట మీద లేవు. ఆ రెండూ చేసే చెరుపు వేరే దారిలో ఉంటుంది. అవి నాళం లోపలి గోడకు కొవ్వు పేర్చి, ఆ పేరుకున్నది పగిలి, రక్తం గడ్డకట్టేలా చేస్తాయి. మెలిక ఉన్నవాడు సిగరెట్ తాగితే మెలిక పెరుగుతుందని ఎవరూ చెప్పలేరు. పక్షవాతం దగ్గరవుతుందని మాత్రం కచ్చితంగా చెప్పొచ్చు.

మన నగరానికే చెందిన మరో సాక్ష్యం ఉంది. నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సుభాష్ కౌల్ బృందం పక్షవాతం రోగుల వివరాలను ఏడాది పాటు నమోదు చేసి 2002లో ప్రచురించింది. పెద్ద ధమనులు పూడుకుపోయి వచ్చిన పక్షవాతాల్లో అధిక భాగం పుర్రె లోపలి నాళాల వల్లేనని అందులో తేలింది. పాశ్చాత్యుల్లో మెడ నాళాలు ఎక్కువగా చెడతాయి, మనవాళ్లలో తల లోపలివి. మెడ మీద పెట్టే డాప్లర్‌కు తల లోపలి నాళాలు కనబడవు. మెడ స్కాన్ శుభ్రంగా వచ్చిందని ఊపిరి పీల్చుకునేవాళ్లూ, మెలిక ఉందని వణికేవాళ్లూ ఇద్దరూ తప్పుదారిలోనే ఉన్నారు.

రోగ లక్షణాలు లేనివాళ్లకు మెడ ధమనుల స్కాన్ మూకుమ్మడిగా చేయొద్దని అమెరికా నిపుణుల సంఘం 2014లో చెప్పి, 2021లో మళ్లీ చెప్పింది. లాభం కంటే అనవసరపు చికిత్సల నష్టం ఎక్కువన్నది వాళ్ల లెక్క. లక్షణాలు లేని మెలికకు, కింక్‌కు ఆపరేషన్ వద్దని యూరప్ నాళ శస్త్రవైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆపరేషన్ ఎప్పుడూ పనికిరాదని కాదు. ఇటలీలో 182 మంది రోగుల మీద జరిగి 2005లో వెలువడిన పరీక్షలో, మెలిక కారణంగా లక్షణాలు వచ్చినవాళ్లకు శస్త్రచికిత్స మేలు చేసింది. మాట మధ్యలో తడబాటు, ఒక చెయ్యి చచ్చుబడి తేరుకోవడం, ఒక కంటికి తెర పడినట్టయి పోవడం లాంటివి వస్తే, వేరే కారణమేదీ దొరక్కపోతే, అప్పుడు నిపుణుడితో కూర్చుని మాట్లాడాలి. అంతేగాని ‘ఫుల్ బాడీ చెకప్’ ప్యాకేజీలో ఉచితంగా కలిపిన డాప్లర్‌లో ఒక మాట దొరికింది గదా అని కత్తికి సిద్ధపడకూడదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. కొందరిలో వంగిన కెరోటిడ్ గొంతు వెనక గోడకు ఆనుకుని ఉంటుంది. టాన్సిల్స్‌కో గొంతుకో ఆపరేషన్ చేయించుకుంటున్నవాళ్లు పాత రిపోర్టును ఈఎన్‌టీ డాక్టరుకు చూపించి తీరాలి. ఆ కాగితం నిజంగా అక్కరకొచ్చే చోటు అది.

ఇక అసలు నేరస్తుడి దగ్గరికి వద్దాం. ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం దేశంలో 31.5 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉంది. పెద్దవాళ్లలో నూటికి 35 మందికి పైనే. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నివేదిక ఇంకా చేదుగా ఉంది. భారతదేశంలో 30 నుంచి 79 ఏళ్ల మధ్య రక్తపోటు ఉన్నవాళ్లలో 37 శాతానికే ఆ సంగతి తెలుసు. మందు వాడుతున్నది 30 శాతం. అదుపులో ఉన్నది 15 శాతం. బీపీ ఉన్న వంద మందిని వరసగా నిలబెడితే ఎనభై అయిదు మంది మెడల్లో ఈ క్షణాన కూడా ఆ ఎలాస్టిన్ పొరల మీద అక్కర్లేని ఒత్తిడి పడుతూనే ఉంది.

పొద్దున్నే ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డు మీద చూడండి. 1939లో పూర్తయిన ఆ రాతి భవనం ఎదుట చెట్ల నీడన వందల మంది నడుస్తుంటారు. మంచి అలవాటు, కొనసాగాలి. కానీ నడక బీపీ మాత్రకు బదులనుకునేవాళ్లు అందులో తక్కువేం లేరు. ‘నేను రోజూ క్యాంపస్ రౌండు కొడతా, నాకెందుకు మాత్ర’ అన్న మాట తార్నాకలో ఎక్కడైనా వినబడుతుంది. క్రమం తప్పని నడక రక్తపోటును కొన్ని పాయింట్లు దించుతుంది, నిజమే. 170 ఉన్నదాన్ని 130కి దించదు. రెండు నెలలు మాత్ర వేసి, అంకె బాగుందని మానేసేవాళ్లు మరో రకం. అంకె బాగున్నది మాత్ర వల్లే కదా! ‘ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాలట’ అని భయపడి అసలు మొదలే పెట్టనివాళ్లు మూడో రకం. వాళ్లకు చెప్పాల్సింది ఒకటే, బీపీ కూడా జీవితాంతం ఉంటుంది.

ఉప్పు సంగతి. 2024 మే నెలలో పోషకాహార సంస్థ 17 సూత్రాలతో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. దేశంలోని రోగభారంలో 56.4 శాతానికి తిండిలోని లోపాలే కారణమని అందులో అంచనా కట్టింది. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించొద్దంది. అంటే ఒక్క టీస్పూను. మనవాళ్లు తినేది దాదాపు దానికి రెట్టింపు. అన్నంలో ఆవకాయ, పప్పులో అప్పడం, మజ్జిగలో ఊరమిరపకాయ, సాయంత్రం బండి మీద ఉప్పు, నిమ్మరసం పిండిన ఉల్లిపాయలతో మిర్చి బజ్జీ. ఇందులో ఏదీ పాపం కాదు, అన్నీ ఒకే రోజు కావడమే చిక్కు. హాస్టల్ మెస్‌లో కూర రుచి లేకపోతే విద్యార్థి చేయి పోయేది పచ్చడి జాడీ మీదికే. విశ్వవిద్యాలయంతో పేరు పంచుకున్న ఉస్మానియా బిస్కెట్టు కూడా తీపిలో ఉప్పు దాచుకున్నదే అని సరదాగా గుర్తు చేయొచ్చు. దాన్ని నిందించే ధైర్యం మాత్రం ఈ పత్రికకు లేదు.

పోషకాహార సంస్థ పేరు ఇంకో కారణానికీ తలవాల్సి ఉంది. 1987 నుంచి 1990 వరకు హైదరాబాదు చుట్టుపక్కల 29 పల్లెల్లో ఒక పరిశీలన జరిగింది. అందులో 15 పల్లెల్లో గర్భిణులకూ చిన్నపిల్లలకూ ఐసీడీఎస్ (అంగన్‌వాడీ పథకం) కింద అదనపు ఆహారం అందింది. మిగతా 14 పల్లెలకు అప్పటికి ఆ పథకం చేరలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వాళ్లయ్యాక పరిశోధకులు మళ్లీ వెళ్లి 1,165 మందిని పరీక్షించారు. ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. కడుపులో ఉన్నప్పుడూ పసితనంలోనూ అదనపు తిండి దొరికిన పిల్లలు రెండోవాళ్ల కన్నా సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. ఇన్సులిన్ పనితీరు మెరుగ్గా ఉంది. ధమనుల బిరుసుదనం తక్కువగా ఉంది. టీనేజీ పిల్లాడి నాళం ఎంత మెత్తగా ఉందన్నది తల్లి గర్భంతో ఉన్నప్పుడు అంగన్‌వాడీలో ఏం పెట్టారన్న దాంతో ముడిపడి ఉందన్నమాట. ఎలాస్టిన్ పెట్టుబడి ఎప్పుడు సమకూరుతుందో పైన చెప్పుకున్నాం. ఈ లెక్క దానికి సరిగ్గా అతుకుతుంది. అంగన్‌వాడీ గుడ్డు బిల్లును ఖర్చు పద్దులో రాసుకునే ఆర్థిక శాఖలు దీన్ని గుండె జబ్బుల పద్దులో కూడా చూడాలి. తార్నాక పక్కనే కూర్చుని చేసిన ఈ పనిని మన నాయకులు ఎన్నికల సభల్లో ఒక్కసారైనా ప్రస్తావించగా విన్నవాళ్లున్నారా?

ఆర్టీసీ డ్రైవరు ఉద్యోగాన్ని ఈ కోణంలో చూడండి. తెల్లవారుజామున డ్యూటీ ఎక్కి, ఇంజను వేడిలో, హారన్ల మధ్య గంటల తరబడి కూర్చునే పని. భోజనానికి వేళ ఉండదు. నిద్ర షిఫ్టును బట్టి. అతని చేతిలో యాభై ప్రాణాలుంటాయి. 2022లో ఆర్టీసీ తన సిబ్బందికి ‘గ్రాండ్ హెల్త్ ఛాలెంజ్’ పేరుతో సంస్థ అంతటా పరీక్షలు జరిపించడం మెచ్చుకోదగ్గ అడుగు. కానీ బీపీ ఒకసారి చూసి చేతులు దులుపుకునే జబ్బు కాదు. డిపో గేటు దగ్గర డ్యూటీ చార్టుతో పాటు బీపీ మిషన్ ఉండాలి. అంకె ఎక్కువొస్తే ఉద్యోగానికి ఎసరొస్తుందన్న భయం డ్రైవరుకు ఉండకూడదు. ఆ భయం ఉన్నంత కాలం అతను పరీక్షకు ముందు రోజు అరువు మాత్ర మింగి వస్తాడు, మర్నాటి నుంచి మళ్లీ మామూలే.

ఇప్పటిదాకా చెప్పింది నెమ్మదిగా, ఏళ్ల మీద పడే మెలిక. క్షణంలో పడేది ఇంకొకటుంది, అది మనుషులు చేతులారా తెచ్చుకునేది. 2022 అక్టోబరులో హైదరాబాదు న్యూరాలజిస్టు డాక్టర్ సుధీర్ కుమార్ ఒక కేసు గురించి ట్విటర్‌లో రాశారు. యాభై ఏళ్ల మహిళ బ్యూటీ పార్లర్‌లో తల వెనక్కి వాల్చి షాంపూతో కడిగించుకుంటుండగా కళ్లు తిరిగాయి, వికారం, వాంతులు. పొట్ట సంబంధమైనదనుకుని ముందు జీర్ణకోశ వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లారు. మర్నాటికి నడకలో తూలు వచ్చింది. ఎంఆర్‌ఐ తీస్తే చిన్న మెదడులో కొంత భాగానికి రక్తం అందక దెబ్బతిన్నట్టు తేలింది. ఆమె ఎడమ వెర్టెబ్రల్ ధమని పుట్టుకతోనే సన్నగా ఉంది. తల వెనక్కి వంచి తిప్పినప్పుడు వెర్టెబ్రల్ ధమని మడత పడి ఉంటుందని ఆయన వివరించారు. న్యూయార్క్ వైద్యుడు మైకేల్ వైన్‌ట్రాబ్ ఇలాంటివే అయిదు కేసులు 1993లోనే ప్రచురించి దానికి బ్యూటీ పార్లర్ స్ట్రోక్ అని పేరు కూడా పెట్టారు. చాలా అరుదు. వాష్ బేసిన్ అంచున మెడ కింద మడత పెట్టిన తువ్వాలు ఉంచితే, తల మరీ వెనక్కి వాల్చకుండా ఉంటే ఇంకా అరుదవుతుంది.

మగవాళ్ల సెలూన్ సంగతి మరీ ఘోరం. కటింగు అయ్యాక నూనె మర్దన. వీపు మీద నాలుగు దెబ్బలు. తరవాత ఒక అరచేయి గడ్డం కింద, ఇంకో చేయి తల వెనక. ‘రిలాక్స్ సార్’ అంటాడు, ఒక్క ఊపులో మెడ పక్కకు తిరుగుతుంది, టక్‌మని చప్పుడు. రెండో పక్కా అంతే. మెటికలు విరిచినంత తేలికగా చేసేస్తాడు. చేయించుకునేవాడికి హాయి. వెర్టెబ్రల్ ధమని మొదటి మెడ ఎముక మీద మెలి తిరిగి పుర్రెలోకి వెళ్లే చోటు సరిగ్గా అక్కడే. తల ఒక పక్కకు జోరుగా తిప్పితే రెండో పక్క ధమని లాగుతుంది. లోపలి పొర చీలితే రక్తం గోడలోకి చొరబడి, అక్కడ గడ్డకట్టి, ఆ గడ్డ మెదడులోకి కొట్టుకుపోతుంది. బళ్ళారిలో ముప్పై ఏళ్ల యువకుడొకరికి సెలూన్‌లో మెడ తిప్పించుకున్న తరవాత పక్షవాతం వచ్చిందన్న వార్త 2024లో పత్రికల్లో వచ్చింది. మెడ ధమని చీలిక నలభై అయిదు లోపు వాళ్లకు వచ్చే పక్షవాతాలకు ముఖ్య కారణాల్లో ఒకటి. మెలికలు ఎక్కువున్న నాళాలు చీలే అవకాశం ఎక్కువని కూడా పరిశోధనల్లో కనబడింది. మెడ తిప్పే చికిత్సలకూ ఈ చీలికకూ సంబంధం కనబడుతోందనీ, అదే కారణమని తేల్చేందుకు ఆధారాలు చాలవనీ, చేసే ముందు ఈ ముప్పు గురించి చెప్పి తీరాలనీ అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో ఆచితూచి చెప్పింది. మన సెలూన్‌లో చెప్పేదెవరు? చేస్తున్నవాడికే తెలియదు. అతన్ని తప్పుపట్టి లాభం లేదు, అడిగి చేయించుకునేది మనమే.

గ్రూప్స్ పరీక్షలకు చదివే కుర్రాళ్లు క్యాంపస్ లైబ్రరీలో పొద్దస్తమానం తల వంచుకుని కూర్చుంటారు. మెడ పట్టేస్తుంది. ఫోన్ చూడటం వల్ల, పుస్తకం మీద వంగడం వల్ల ధమనులు మెలికలు పడతాయని రుజువేమీ లేదు. అలా బెదిరించే వీడియోలు నమ్మొద్దు. కానీ ఆ నొప్పికి వాళ్లు వెతుక్కునే మందు యూట్యూబ్‌లో చూసి స్నేహితుడి చేత మెడ విరిపించుకోవడం. అక్కడుంది ప్రమాదం. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయడం, భుజాలు నెమ్మదిగా తిప్పడం, తగ్గకపోతే ఫిజియోథెరపిస్టును కలవడం చాలు. విశ్వవిద్యాలయం కొత్త విద్యార్థులకు హాస్టల్ కేటాయించే రోజునే బీపీ చూసి కార్డు మీద రాసిస్తే, ఇరవై రెండేళ్లకే 150 చూపించే కొందరు అప్పుడే బయటపడతారు. ఆ వయసులో అంత అంకె వస్తే కిడ్నీలు, హార్మోన్లు కూడా చూడాలి.

రాష్ట్రం దగ్గర సాధనాలు లేకపోలేదు. 2017లో కేంద్రం రక్తపోటు అదుపు కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. 2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానాలు నడుస్తున్నాయి. అక్కడ బీపీ చూస్తారు, మాత్రలు ఉచితం. మాణికేశ్వరినగర్‌లో ఇళ్లల్లో పని చేసుకునే ఆడవాళ్లకూ, తార్నాక అపార్టుమెంట్ల వాచ్‌మన్‌లకూ ఇదే దిక్కు. పని ముగించుకుని వాళ్లు వచ్చే వేళకు అది తెరిచి ఉండాలి. ఒక్క నెల కూడా మాత్రల సరఫరా ఆగకూడదు. డయాగ్నస్టిక్ కేంద్రాలకు ఆరోగ్య శాఖ ఒక నిబంధన పెట్టొచ్చు. మెడ డాప్లర్ రిపోర్టు ఇస్తే దాని పైనే ఆ రోజు రోగి బీపీ రాయాలి. కొలిచే పద్ధతి కూడా పద్ధతిగా ఉండాలి. అయిదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనించి, చేయి గుండె ఎత్తులో పెట్టి, అరగంట ముందు టీ, సిగరెట్ లేకుండా రెండుసార్లు చూడాలి. మెట్లెక్కి వచ్చినవాణ్ణి నిలబెట్టి, చొక్కా చేతి మీదే పట్టీ చుట్టి చూసిన అంకెకు విలువ లేదు.

చివరగా, పనికొచ్చే సమాచారం. ఉన్నట్టుండి కళ్లు తిరిగి వాంతులతో పాటు మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనబడటం, నడిస్తే ఒక పక్కకు తూలడం, మింగలేకపోవడం ఉంటే అది పైత్యమూ కాదు గ్యాసూ కాదు. మూతి వంకర పోవడం, చెయ్యో కాలో చచ్చుబడటం అందరికీ తెలిసినవే. మెడలో ఒక పక్క ఎన్నడూ లేని నొప్పి, అదే పక్క కనురెప్ప వాలిపోవడం ధమని చీలికను సూచిస్తాయి. చీలికైతే పక్షవాతం గంటల్లో రావచ్చు, రోజులు గడిచాక కూడా రావచ్చు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడానికి సాధారణంగా ఉండే వ్యవధి లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలు. దగ్గరున్న చిన్న క్లినిక్‌లో సెలైన్ ఎక్కించుకుంటూ దాన్ని పోగొట్టుకోవద్దు. 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న పెద్దాసుపత్రికే వెళ్లాలి. తార్నాక వాళ్లకు గాంధీ ఆసుపత్రి దూరమేమీ కాదు. డాక్టరుకు రెండు విషయాలు అడగకపోయినా చెప్పాలి. మనిషి చివరిసారిగా మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకు, ఈ నెల రోజుల్లో సెలూన్‌లోనో పార్లర్‌లోనో ఇంకెక్కడైనానో మెడ తిప్పించుకున్నారా లేదా. రెండోది చెప్పకపోతే మెడ ధమనుల స్కాన్ ఆలస్యమవుతుంది.